వేళ్ళకు వేళ్ళ మందు

"విషమంటావు. మళ్ళీ మానొద్దంటావు. ఇందులో ఏది నిజమే అమ్మాయ్?"

బైండింగమ్మ చేతిలో దబ్బనం దించి కోడలి వైపు చూసింది. నిన్న పొద్దుటి నుంచి కోడలితో ఆవిడ పలికిన మొదటి మాట అదే.

కోడలు టీ గ్లాసును బల్ల చివర పెట్టింది. కుట్టాల్సిన కాగితాలకు తడి తగలకుండా, జానెడు దూరంలో. ఎంత కోపాల్లో ఉన్నా ఆ ఇంట్లో కాగితానికి మర్యాద తప్పదు.

"రెండూ నిజమే అత్తయ్యా."

"పామూ చావకూడదు, కర్రా విరగకూడదు అన్నట్టు మాట్లాడకు."

"విషమని నేననలేదు. ఆ పొడిలో స్టెరాయిడ్ కలిసిందన్నాను. అదీ మందే. డాక్టరు కొలిచి ఇస్తే మందు. అలాంటి సరుకు మామూలుగా మన ఒంట్లోనే తయారవుతుంది. ఎనిమిది నెలల నుంచి బయటినుంచి వచ్చి పడుతోంది కదా అని మీ ఒళ్ళు దాన్ని తయారుచేయడం తగ్గించేసి ఉంటుంది. ఇప్పుడు ఉన్నట్టుండి ఆపేస్తే బయటిదీ ఉండదు, లోపలిదీ ఉండదు. మనిషి కూలబడిపోవచ్చు."

"వంటమనిషి కుదిరిందని పొయ్యి వెలిగించడం మరిచిపోయిన ఇల్లాలిలాగా," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ కొడుకు. బడిలో లెక్కల మాస్టారు. ఏ చిక్కుకైనా ఒక ఉదాహరణ చెప్పకపోతే ఆయనకు ఊపిరాడదు.

ఎవరూ నవ్వలేదు. ఆయన నిన్నటి నుంచి ఈ ఇద్దరి మధ్యా అడకత్తెరలో పోకచెక్కలా తిరుగుతున్నాడు. వంటింట్లో పెళ్ళాం మాట్లాడదు, ముందుగదిలో తల్లి మాట్లాడదు. ఇద్దరూ ఆయనతోనే మాట్లాడతారు, అదీ ఒకళ్ళకు చెప్పమని ఇంకొకళ్ళు.

"రేపు పొద్దున పదింటికి డాక్టరు చూస్తానన్నారు," అంది కోడలు. "అప్పటిదాకా రోజూ వేసుకున్నట్టే వేసుకోమన్నారు. తర్వాత కొలత తెలిసిన మాత్రలు ఇచ్చి, వాటిని కొంచెం కొంచెంగా తగ్గిస్తారట."

బల్ల అవతలి మూల, జిగురు డబ్బాకూ కత్తెరకూ మధ్య, పొడి డబ్బా ఉంది. దాని పక్కన మడత పెట్టిన కాగితం ఒకటి. ఆ కాగితాన్ని బైండింగమ్మ ఇంతవరకూ ముట్టుకోలేదు.

ఆవిడ అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. గ్రంథాలయం వాళ్ళు పెట్టిన పేరే స్థిరపడిపోయింది. చినిగిన పుస్తకాలు మూటలు మూటలుగా ఆ ముందుగదిలోకి వస్తాయి. వెన్ను విరిగినవి, అట్టలూడినవి, చెదలు తిన్నవి. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడే వాటిని విప్పి, మడత కాగితాల ఫారాలు వరసలో సరిచేసి, మళ్ళీ కుట్టి, గుడ్డ అట్ట వేసి పంపిస్తుంది. భర్త పోయాక కొడుకును చదివించింది ఆ దబ్బనమే.

రెండేళ్ళ క్రితం ఆ వేళ్ళకే కీళ్ళ జబ్బు వచ్చిపడింది. కణుపులు అల్లం కొమ్ముల్లా వాచిపోయాయి. పొద్దున లేస్తే పిడికిలి మూసుకునేది కాదు. డాక్టరు ఇచ్చిన మాత్రలు కడుపులో మంట పెడుతున్నాయని నెలకే వదిలేసింది. మందు మార్చమని అడగడానికి మళ్ళీ వెళ్ళనూ లేదు. అదిగో, అప్పుడు తమ్ముడు చేదువేరు పొడి తెచ్చాడు. "నీ వేళ్ళకు నా వేళ్ళే మందక్కా!" అన్నాడు. ఆ మాట అందరికీ ఎంత నచ్చిందంటే, ఆయన పేరే వేళ్ళాయన అయిపోయింది.

మొదటి పొడితో పెద్దగా ఒరిగింది లేదు. ఎనిమిది నెలల క్రితం కొత్త డబ్బా ఇచ్చాడు. వారం తిరక్కుండా ఆవిడ సూదిలోకి దారం తనే ఎక్కించుకుంది. ఆ రోజు ఆ ముందుగదిలో ఆవిడ ఒక్కత్తీ కూర్చుని ఏడ్చిన సంగతి ఎవరికీ తెలియదు. మొహం నిండింది. చూసినవాళ్ళల్లా కళ వచ్చిందన్నారు. ఆ కళ కూడా మందు వల్ల వచ్చిన వాపేనని నిన్న కోడలు అన్నది. అన్నింటికన్నా గుచ్చుకున్నది ఆ మాటే.

"ఒక్కటి చెప్పు," అంది బైండింగమ్మ. "పరీక్ష చేయించాలంటే నన్నడిగితే ఇవ్వనా? నా డబ్బాలోంచి నాకు తెలియకుండా చెంచాడు తీసుకెళ్తావా? ఇంట్లోనే దొంగతనమా?"

కోడలు ఎదురుగా ఉన్న ముక్కాలిపీట మీద కూర్చుంది. ఆ అమ్మాయి మొక్కల్లోంచి మందులు తీసే పరిశోధనశాలలో పనిచేస్తుంది. ఏ ఆకులో ఏముందో, ఏ వేరులో ఏముందో విడదీసి చూడటమే ఆమె పని.

"అడగొచ్చు. సిగ్గేసింది."

"సిగ్గెందుకు?"

"నాలుగేళ్ళ నుంచి మేం ఆరుగురం అదే వేరు మీద పనిచేస్తున్నాం అత్తయ్యా. వాపును చల్లార్చే పదార్థం అందులో ఉంది. గాజుపళ్ళెంలో పెంచిన కణాల మీద వేస్తే చక్కగా పనిచేస్తుంది. మనిషి మింగితే మాత్రం రక్తంలోకి చేరేది చిటికెలో చిటికెడు. నెలలు పట్టి, కాస్త ఉపశమనం ఇస్తే ఇస్తుంది. దాన్ని లోపలికి ఎలా పంపాలో మాకు అంతుపట్టలేదు." ఆమె తన గోళ్ళు చూసుకుంది. "మీరేమో వారంలో దారం ఎక్కించారు. మీ తమ్ముడుగారు రోట్లో దంచి సాధించేశారనుకున్నాను. ఎలా చేశారో చూద్దామని తీసుకెళ్ళాను. తప్పు పట్టడానికి కాదు. నిజంగా ఆయన గెలిచారనే అనుకున్నాను."

బైండింగమ్మ పొడి డబ్బాను దగ్గరికి లాక్కుంది.

"ఆ వేరులో ఉండేవన్నీ మాకు కంఠతా. యంత్రం గీసే గీతలో ఒక్కోటీ ఒక్కో చోట లేస్తుంది. ఇందులో లేవకూడని చోట ఒకటి లేచింది. నేనే తప్పు చేశాననుకుని మళ్ళీ చేశాను. మూడోసారి మా ల్యాబు పెద్దాయన చేత చేయించాను. అదే చోట లేచింది."

"మరి మానేస్తే..." బైండింగమ్మ కుడిచేతిని బల్ల మీద చాపింది. ఐదు వేళ్ళూ తిన్నగా ఉన్నాయి. "ఇవి?"

కోడలు అబద్ధం చెప్పలేదు. "కొంత మళ్ళీ వాస్తాయి. డాక్టరు వేరే మందులిస్తారు. అవి పనిచేయడానికి టైము పడుతుంది."

"ఈ దబ్బనం?"

గదిలో ఫ్యాను గాలికి విప్పిన పుస్తకం కాగితాలు లేచి పడుతున్నాయి. కొడుకు వచ్చి వాటి మీద ఇనుపబిళ్ళ పెట్టి వెళ్ళాడు.

మూడింటికి తమ్ముడు వచ్చాడు.

ఆయన వస్తే మాట ముందు వస్తుంది, మనిషి తర్వాత వస్తాడు. "ఏమక్కా, ఆదివారం కూడా కుట్టేస్తున్నావా? నీకిచ్చిన వేళ్ళు వారానికి ఆరు రోజులు పనిచేసేవే!" అంటూ చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. అరవై నిండిన మనిషి. గుండ్రటి మొహం, నున్నటి బుగ్గలు. కోడలు ఆ బుగ్గల వైపు రెండోసారి చూడటం బైండింగమ్మ గమనించింది.

కొడుకు కుర్చీ వేశాడు. కోడలు టీ ఇచ్చింది. మడత కాగితం కూడా ఇచ్చింది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. కళ్ళజోడు తీశాడు.

"ఇదేమిటి అమ్మడూ?"

కోడలు చెప్పింది. అత్తకు చెప్పినట్టే చెప్పింది, గొంతు పెంచకుండా.

"అంటే నా మందు మీద పరీక్షలా?" ఆయన మొహం ఎర్రబడింది. "కంచే చేను మేసిందంటే ఇదే. ఇంట్లోవాళ్ళే ఇలా చేస్తే బయటివాళ్ళకు చెప్పుకునేదేముంది? నేను నా చేత్తో దంచుతాను, నా చేత్తో జల్లిస్తాను. వేరు తప్ప అందులో ఇంకో రేణువు ఉండదు. మీ యంత్రాలకు చేదు తెలుస్తుందా, తీపి తెలుస్తుందా!"

"మావయ్యా, యంత్రం మూడుసార్లు..." అన్నాడు కొడుకు.

"నువ్వూరుకోరా. మీ అమ్మను చూడు. చేతులు చూడు. అదిరా పరీక్ష!"

"వాడు మందులో మందు కలిపే రకం కాదు," అంది బైండింగమ్మ కోడలితో. నిన్నటి నుంచి మనసులో అనుకుంటున్న మాటే అది. తల్లి పోయినప్పుడు వాడికి ఏడేళ్ళు. తనకు పదహారు. తలదువ్వి బడికి పంపింది తనే. "ఎక్కడో పొరపాటు జరిగింది. మీ దగ్గరే జరిగిందేమో!"

"అది చెప్పక్కా," అని తమ్ముడు టీ గ్లాసు ఎత్తాడు.

అప్పుడు ఆవిడ కళ్ళు ఆ గ్లాసు మీద, గ్లాసు చుట్టూ ఉన్న వేళ్ళ మీద నిలిచాయి.

చేదువేరు దంచినవాడి చేతులు దాగవు. దాని పసుపు మరక సబ్బుకు పోదు. మొదటి పొడి తెచ్చిన రోజుల్లో వాడి గోళ్ళ మొదళ్ళ దాకా పచ్చగా ఉండేది. ఆ చేత్తో పట్టుకుని ఒక పుస్తకం అట్టకు మరక చేస్తే తను కేకలేసింది కూడా. ఇప్పుడు వాడి గోళ్ళు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి.

"ఒరేయ్," అంది మెల్లిగా. "నువ్వు వేరు దంచి ఎన్నాళ్ళయింది?"

"ఏమిటక్కా?"

"నీ గోళ్ళకు రంగేదిరా?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. తెలియకుండానే చేతులు రెండూ ఒళ్ళోకి లాక్కున్నాడు. అరవై ఏళ్ళ మనిషి కాస్తా అటక మీది బెల్లం తిని దొరికిపోయిన ఏడేళ్ళవాడైపోయాడు.

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు.

"మోకాళ్ళు పట్టేశాయక్కా," అన్నాడు చివరికి. "దంచలేకపోయాను. ఒకాయన వచ్చాడు. ఇదే వేరు, ఫ్యాక్టరీలో సారం తీసింది, బస్తాడు వేరు గుప్పెడు పొడిలో ఉందన్నాడు. నా వేరుపొడిలో కాస్త కలిపి చూశాను. తర్వాత తర్వాత... అదే ఎక్కువ, నాది తక్కువ. ముందు నేనే తిన్నాను. మూడు రోజుల్లో మోకాళ్ళు ఆడాయి. సారం గొప్పదనుకున్నాను."

"వేరు మూడు నెలల్లో చేయలేని పని ఇది మూడు రోజుల్లో చేస్తే, ఇందులో ఏముందని ఆయన్ని అడగలేదా మావయ్యగారూ?" కోడలి గొంతులో నిష్ఠూరం లేదు. అందుకే అది మరీ గట్టిగా తగిలింది.

"అడగాలనిపించింది."

"మరి?"

"అడగలేదమ్మా. ఊరందరూ చల్లగా ఉండు బాబాయ్ అంటున్నారు. నా జన్మలో నన్ను ఎవరైనా అలా అన్నారా? అడిగితే ఏం చెబుతాడోనని..." ఆయన అక్కవైపు చూశాడు. "మోసం చేయాలనుకోలేదక్కా."

బైండింగమ్మకు కోపం రావాల్సింది. రాలేదు. మొదటి పొడి నాలుక మీద పెడితే చేదు గంటసేపు వదిలేది కాదు. రెండోది అంత చేదు కాదని తనకూ మొదటి రోజే తెలిసింది. తనూ అడగలేదు. వేళ్ళు వంగాయి, అంతే చాలనుకుంది. ఇద్దరూ ఒకే తానులో ముక్కలు.

"నీ మోకాళ్ళ కోసం నువ్వు అడగలేదు, నా వేళ్ళ కోసం నేనడగలేదు," అంది. "అమ్మాయి అడిగిందని దొంగను చేశాను."

కోడలు తల దించుకుంది. కళ్ళు తుడుచుకుందో, జుట్టు సవరించుకుందో తెలియలేదు.

"సరే. అయిపోయింది," తమ్ముడు లేవబోయాడు. "ఇవాళ్టితో బంద్. ఉన్న డబ్బాలన్నీ కాలవలో పారేస్తాను. ఎవరొచ్చినా లేదంటాను."

"అదే చేయకూడదు!" కోడలు లేచి నిలబడింది. "ఇన్నాళ్ళూ తిన్నవాళ్ళకు ఒక్కసారిగా లేదంటే ప్రమాదం. ప్రతి ఒక్కళ్ళకూ చెప్పాలి మావయ్యగారూ. అందులో ఏం కలిసిందో చెప్పాలి, మానేయకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళమని చెప్పాలి. మీరు కూడా రేపు అత్తయ్యతో పాటు రావాలి. ఆ అమ్మినాయన సంగతి ఏం చేయాలో మా పెద్దాయన కనుక్కుంటారు."

"ప్రతి ఇంటికీ వెళ్ళి నేను మీకు దొంగమందు పెట్టానని చెప్పాలా? ఏ మొహం పెట్టుకుని?"

"ఉన్న మొహమే పెట్టుకుని," అంది బైండింగమ్మ. "నేనూ వస్తాను. కూర్చో."

ఆయన కూర్చున్నాడు. ఆవిడ తెల్లకాగితాల్లోంచి ఒకటి లాగి, మధ్యకు మడిచి, పెన్సిలు తీసింది.

"చెప్పు. ఎవరెవరు?"

"రాసి పెట్టుకోలేదక్కా."

"గుర్తు తెచ్చుకో. ఇల్లిల్లూ నడిచినట్టు చెప్పు."

ఆయన కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. తాళాలు బాగుచేసే ఆయన. ఆయన తల్లి. మూలమీది లాండ్రీ దంపతులు. బస్సు డిపోలో ఇద్దరు. తపాలా ఆఫీసులో పదవీవిరమణ చేసిన పెద్దావిడ. పెన్సిలు కాగితం మీద నడుస్తోంది. ఒక్కో పేరూ పడుతుంటే ఆయన గొంతు సన్నబడుతోంది. కొడుకు పక్కన నిలబడి వేళ్ళ మీద లెక్క పెడుతున్నాడు.

"పంతొమ్మిది," అన్నాడు కొడుకు. "ఇంకా?"

"అంతే."

"అంతేనా?" అంది బైండింగమ్మ. తమ్ముడు 'అంతే' అన్నప్పుడు అంతే కాదని ఆవిడకు యాభై మూడేళ్ళుగా తెలుసు.

ఆయన కోడలి వైపు చూశాడు. వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"ఇంకొకరున్నారు. చెప్పొద్దని మాట తీసుకున్నారు."

"ఎవరు?"

"నాలుగు నెలల క్రితం ఆవిడ ఇక్కడికి వచ్చినప్పుడు నీ చేతులు చూసిందక్కా. వెళ్ళేటప్పుడు వీధి మలుపులో నన్నాపి అడిగింది. నడుంనొప్పితో రాత్రుళ్ళు నిద్ర లేదంది." ఆయన కోడలి వైపు తిరిగాడు. "మీ అమ్మగారేనమ్మా."

"అమ్మకు షుగరుంది," అంది కోడలు, ఎవరితోనో తెలియకుండా. "దీంతో అది పెరుగుతుంది. ఇంకా తింటోందా?"

"అదే... సరుకు రాలేదు. పోయిన ఆదివారం ఫోను చేసి డబ్బా అయిపోయిందన్నారు. వచ్చేవారం ఇస్తానన్నాను."

"అయితే వారం నుంచి..." కొడుకు లెక్క పూర్తి చేయలేదు. ఉదాహరణ కూడా చెప్పలేదు. ఫోను తీసుకుని డాక్టరుకు చేస్తూ వసారాలోకి నడిచాడు.

కోడలు తన ఫోను తీసింది. యంత్రాల దగ్గర రోజుకు వంద కొలతలు తప్పకుండా తీసే చెయ్యి, తల్లి పేరు మీద నొక్కలేక రెండుసార్లు తప్పింది. బైండింగమ్మ బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆ చేతిని పట్టుకుంది.

"నువ్వడిగితే చెప్పదే. తిడతావని భయం. నాకు తెలుసు ఆ భయం. నేనడుగుతాను."

ఫోను చాలాసేపు మోగింది. ఇక ఎత్తరేమో అనుకుంటుండగా గొంతు వినిపించింది, బావిలోంచి వచ్చినట్టు.

"వదినగారా? ఆ... బాగానే ఉన్నాను. కాస్త నీరసం. అంతే."

"నేను కూడా మా తమ్ముడి పొడే తింటున్నాను వదినగారూ," అంది బైండింగమ్మ, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా. "అందులో తేడా ఉందని ఇవాళే తెలిసింది. దాచకుండా చెప్పండి. ఎలా ఉంది మీకు?"

అవతల ఒక దగ్గు. తర్వాత, బాగా తగ్గించిన గొంతు.

"మా అమ్మాయి పక్కనుందా?"

బైండింగమ్మ కోడలి మొహంలోకి చూసింది. కోడలు తల అడ్డంగా ఊపింది. లేనని చెప్పమని.

"లేదు. చెప్పండి."

"నిన్నటి నుంచి లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి వదినగారూ. పొద్దున తాగిన నీళ్ళు కూడా వాంతయ్యాయి. దానికి మాత్రం చెప్పకండి. అంత చదివిన పిల్ల. వాళ్ళమ్మ ఎవరో ఇచ్చిన పొడి తిందని తెలిస్తే, పాపం, పదిమందిలో తలెత్తుకోగలదా?"

కోడలు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వసారాలోంచి కొడుకు తొంగిచూశాడు. "రేపటిదాకా ఆగొద్దన్నారు. ఇప్పుడే, నేరుగా ఆసుపత్రికి తెమ్మన్నారు. పొడి సంగతి అక్కడ ముందే చెప్పమన్నారు." తమ్ముడు అప్పటికే చెప్పులు తొడుక్కుని, బండి తాళాలు చేత పట్టుకుని గుమ్మం దిగుతున్నాడు.

"వదినగారూ, మీరు మంచం దిగకండి," అంది బైండింగమ్మ. "పక్కింటావిడ దగ్గర మీ తాళంచెవి ఉందిగా, అడిగి మేమే తీసుకుంటాం. పావుగంటలో వస్తున్నాం. ఆసుపత్రికి వెళ్దాం."

"వస్తున్నాం అంటే..." అవతలి గొంతు ఆగింది. "ఎవరెవరు వదినగారూ?"

కోడలు ఫోను కోసం చెయ్యి చాచింది.